ఇరవై రూపాయల నోటు వెనక కొండ

పాత ఇరవై రూపాయల నోటు గుర్తుందా అండీ? ఎర్రటి నోటు. ముందువైపు గాంధీగారు. వెనక్కి తిప్పితే కొబ్బరిచెట్లు, వాటి సందులోంచి సముద్రం, అవతలి ఒడ్డున ఒక దీపస్తంభం. 2019లో ఎల్లోరా బొమ్మతో కొత్త నోటు వచ్చేదాకా ఆ దృశ్యం మన చొక్కా జేబుల్లో, అమ్మల కొంగుముళ్లలో, బస్సు కండక్టర్ల సంచుల్లో దేశమంతా తిరిగింది. అది ఏ ఊరో చాలామందికి తెలియదు. అది అండమాన్ దీవుల్లోని మా ఊరే, పోర్ట్ బ్లెయిర్. పోర్ట్ బ్లెయిర్ రేవుకు ఎదురుగా ఉన్న మౌంట్ హారియట్ కొండ ఎక్కుతూ దారిలో ఒకచోట ఆగి చూస్తే, నార్త్ బే ఒడ్డు, ఆ దీపస్తంభం నోటులో ఉన్నట్టే కనిపిస్తాయి. 2021 అక్టోబరు నుంచి ఆ కొండ పేరు మౌంట్ మణిపూర్. 2024 సెప్టెంబరు నుంచి మా ఊరి పేరు శ్రీ విజయపురం. ఇక్కడి మాటల్లో పాతపేర్లూ కొత్తపేర్లూ రెండూ నడుస్తున్నాయి, నేనూ రెండూ వాడతాను.

మెయిన్‌లాండ్ నుంచి వచ్చినవాళ్లు ఆ మలుపు దగ్గర కారు దిగి, ఫోను ఎత్తి, నోటులో ఉన్న బొమ్మనే మళ్లీ తీసుకుని, కారెక్కి వెళ్లిపోతారు. వాళ్ల సంతోషం వాళ్లది. నా మాటలు అక్కడ కారు ఎక్కకుండా నడవాలనుకునేవాళ్ల కోసం. చేతిలో చిన్న కెమెరాయో, సెల్‌ఫోనో పట్టుకుని అడవి దారిలోనూ ఊరి వీధుల్లోనూ తీరిగ్గా తిరిగే ఔత్సాహికుల కోసం.

ఆ కొండకు పాతపేరు ఎవరి వల్ల వచ్చిందో ముందు చెప్పాలి. హారియట్ టైట్లర్ అనే ఆవిడ వల్ల. 1862 నుంచి 1864 వరకు ఇక్కడి ఖైదీల సెటిల్‌మెంటుకు సూపరింటెండెంటుగా ఉన్న రాబర్ట్ టైట్లర్ భార్య ఆవిడ. 1857లో ఢిల్లీ ముట్టడి జరుగుతుండగా కంపెనీ సైన్యంతో పాటే ఉండిపోయి, బండిలోనే బిడ్డను కన్నది. ఆ మరుసటి ఏడు భార్యాభర్తలిద్దరూ ఫొటోలు తీయడం నేర్చుకున్నారు. నేర్పినవాళ్లు సామాన్యులు కారు: యుద్ధాల ఫొటోలతో పేరుపొందిన ఫెలీచే బియాటో ఒకరు, తాజ్‌మహల్ ఫొటోలతో పేరు తెచ్చుకున్న ఆగ్రా డాక్టరు జాన్ మర్రీ ఇంకొకరు. టైట్లర్ దంపతులు పెద్ద పెద్ద కాగితపు నెగటివ్‌ల మీద ఢిల్లీ, లక్నో, కాన్పూరు వంటి చోట్ల వందల ఫొటోలు తీశారు. వృత్తి సైన్యంలో, ఇష్టం కెమెరాలో. అంటే ఈ కొండకు నూటయాభై ఏళ్లకు పైగా ఉన్న పేరు ఒక ఔత్సాహిక ఫొటోగ్రాఫరుది.

అయితే ఆ ఫొటోల్లో ఉన్నవి ఓడిపోయినవాళ్ల ఊళ్లు. ఆ 1857 తిరుగుబాటులో పట్టుబడినవాళ్లను 1858 మార్చి 10న ఓడలో తెచ్చి ఈ దీవుల్లో దింపారు. కెమెరా ఎవరి చేతిలో ఉంది, దాని ముందు నిలబడ్డది ఎవరు అన్నది ఈ దీవుల్లో మొదటి నుంచీ ఉన్న ప్రశ్న. దాని దగ్గరికి కాసేపట్లో వస్తాను. ముందు కొండ ఎక్కుదాం.

చాతం జెట్టీలో ఫెర్రీ ఎక్కితే కాసేపట్లో బాంబూ ఫ్లాట్. అక్కడి నుంచి రోడ్డు కొండమీదికి పోతుంది. ఎత్తు సుమారు 380 మీటర్లు. మన తూర్పుకనుమల లెక్కన అది పెద్ద కొండేమీ కాదు. పైన జాతీయ పార్కులో అటవీశాఖ టిక్కెట్టు తీసుకుంటే కాలాపత్థర్ అనే చోటికి కాలిబాట ఉంది. ఓపిక ఉన్నవాళ్లు ఇంకా ముందుకు, మధుబన్ ఒడ్డు దాకా దిగుతారు. రెండు పక్కలా గర్జన్, పడౌక్ మానులు. తల ఎత్తితే కొమ్మలు ఎక్కడో పైన మొదలవుతాయి. కింద పేముతీగలు, తడి ఆకులు, వానలు వెనకబట్టిన కొత్తల్లో జలగలు.

ఈ అడవిలో కొత్తగా కెమెరా పట్టినవాళ్లకు మొదట ఎదురయ్యే చిక్కు వెలుతురు. పైన ఆకుల కప్పు దట్టం. దాని కన్నాల్లోంచి ఎండ పడి నేల మీద ముగ్గుచుక్కల్లా మెరుస్తుంటుంది. కంటికి అది అందం. కెమెరాకు మాత్రం లెక్క తప్పుతుంది. నీడ చూసి మొత్తం ఫొటోను వెలిగించబోతుంది, ఎండ పడ్డ ఆకులు తెల్లగా పాలిపోతాయి. ఫోనులో అయితే ఎండ పడ్డచోట వేలు పెట్టి నొక్కండి, వెలుతురు గీటును కొంచెం కిందికి లాగండి. నీడ నల్లబడితే నల్లబడనివ్వండి, అడవిలో నీడ ఉండాల్సిందే. ఇంకా మంచి మార్గం ఒకటుంది. మబ్బు పట్టిన రోజున వెళ్లండి. వాన వెలిసిన గంటసేపు అడవి పచ్చదనం ఎండలో ఎన్నడూ కనబడని రంగుకు తిరుగుతుంది. మొద్దుల మీద పుట్టగొడుగులు, నాచు, బెరడు గీతలు అప్పుడే తీయాలి.

నడకవేగం తగ్గించాలని నేను గట్టిగా చెబుతాను. ఈ అడవి పెద్ద జంతువుల అడవి కాదు. పులి లేదు, చిరుత లేదు, మెయిన్‌లాండ్ అడవుల్లో కనిపించే కోతిమూకలు కూడా లేవు. ఇక్కడున్నవన్నీ చిన్నవి, నిలబడినవాళ్లకే కనిపించేవి. కొబ్బరిమాను మీద పట్టపగలు తిరిగే పచ్చని బల్లి ఉంది, అండమాన్ డే గెకో అంటారు. బల్లి అంటే ఇంట్లో రాత్రిపూట ట్యూబులైటు దగ్గర తిరిగే బూడిదరంగు జీవే మనకు తెలుసు. ఇది చిగురాకు రంగులో ఉంటుంది, వీపు మీద ఎర్రటి చుక్కలుంటాయి. దీని దగ్గరి చుట్టాలు ఎక్కడున్నాయో తెలుసా? హిందూ మహాసముద్రానికి అవతలి కొసన, మడగాస్కర్‌లోనూ దాని చుట్టుపక్కల దీవుల్లోనూ. అంత కథ ఉన్న జీవిని మన పెరటి చెట్టు మీదే, ఫోనుతోనే తీయవచ్చు. దీని ఫొటోకు పొద్దుటి ఏటవాలు ఎండ చాలు, ఖరీదైన లెన్సు అక్కర్లేదు.

నల్లటి ఒంటి మీద ఎర్ర జుట్టుతో అండమాన్ వడ్రంగిపిట్ట చప్పుడు చేస్తూ పిలుస్తుంది. ఇదీ, అండమాన్ పాముగద్దా ప్రపంచంలో ఇంకెక్కడా లేని పక్షులు. వాటి కోసం దేశాలు దాటి పెద్ద లెన్సులు మోసుకొచ్చేవాళ్లను ఫెర్రీలో చూస్తుంటాను. ఇక్కడే పుట్టి పెరిగిన పిల్లల్లో చాలామందికి వాటి పేర్లు తెలియకపోవడం నాకు బాధ.

కొండ దిగేముందు ఒకమాట. 1872 ఫిబ్రవరి 8న వైస్రాయ్ లార్డ్ మేయో సరిగ్గా ఈ కొండమీదికే వచ్చి, పడమటి సముద్రంలో పొద్దు గూకడం చూసి, చీకటిపడ్డాక కిందికి దిగాడు. హోప్‌టౌన్ జెట్టీ దగ్గర షేర్ అలీ అనే ఖైదీ కత్తితో పొడిచాడు. పదవిలో ఉండగా హత్యకు గురైన ఒకే ఒక్క వైస్రాయ్ ఆయన. ఆ తరవాత సుమారు ఇరవై ఏళ్లకు, 1891 యుద్ధంలో ఓడిన మణిపూర్ రాజు కులచంద్రను, ఆయన మనుషులను ఈ కొండమీదే ఉంచారు. కొత్తపేరు అందువల్ల వచ్చింది. దృశ్యం అందంగా ఉన్నంత మాత్రాన చోటు కథ సుఖంగా ఉండదు. ఆ కథ తెలిసి తీసినవాడి ఫొటోలో కోణం మారుతుందని నా నమ్మకం.

ఇక వేళ సంగతి. మన దీవులకు వేరే గడియారం లేదు. గుజరాత్‌కూ మనకూ ఒకటే టైము. కానీ రేఖాంశం లెక్కన మనకు సూర్యుడు విశాఖపట్నం కంటే సుమారు 38 నిమిషాలు ముందుంటాడు. మే నెలాఖరులో ఐదు కొట్టకముందే పొద్దు పొడుస్తుంది. నవంబరు నడిమికి సాయంత్రం ఐదు కాకుండానే గూకుతుంది. మెయిన్‌లాండ్ అలవాటున ఆరున్నరకు లేచి, టీ తాగి బయలుదేరితే మెత్తటి వెలుతురు అప్పటికే అయిపోయి ఉంటుంది. చిడియాటాపు దగ్గర ముండాపహాడ్ బాట నడవాలనుకునేవాళ్లు మధ్యాహ్నం మూడింటికల్లా అక్కడుండాలి. ఆ బాట ఒక కొమ్ము మీదికి తీసుకెళ్తుంది, కింద రాళ్లు, చుట్టూ సముద్రం. సూర్యాస్తమయం అయ్యేదాకా ఉండాలనిపిస్తుంది. తిరుగుదారిలో అడవి చీకటి త్వరగా కమ్ముతుంది, టార్చి ఉంచుకోండి. ఒడ్డున మొసళ్ల హెచ్చరిక బోర్డు ఉన్నచోట నీళ్లలోకి దిగి ఫొటోలు తీయకండి. ఉప్పునీటి మొసలి మనుషుల్ని చంపిన సంఘటనలు ఈ దీవుల్లో జరిగాయి.

పెద్ద నడక కావాలంటే దిగ్లీపూర్ వెళ్లాలి. సాడిల్ పీక్, 732 మీటర్లు, ఈ దీవులన్నిటిలో ఎత్తయిన శిఖరం. లామియా బే నుంచి మొదట సముద్రపు ఒడ్డున రాళ్ల మీద నడక, తరవాత ఎక్కుడు. ఆ పక్కనే కాలీపూర్ తీరంలో నాలుగు రకాల సముద్రపు తాబేళ్లు గుడ్లు పెడతాయి. తాబేలు కనిపిస్తే ఫ్లాష్ మాత్రం వాడవద్దు. వెలుగు పడితే తల్లి బెదిరి గుడ్లు పెట్టకుండానే నీళ్లలోకి తిరిగిపోతుంది, పిల్లలైతే దారి తప్పుతాయి. ఫొటో లేకపోయినా ఫరవాలేదనుకుని చీకట్లో కూర్చుని చూడండి.

ఇప్పుడు ఊళ్లోకి వద్దాం. కళ చూడాలంటే ఢిల్లీ, ముంబై గ్యాలరీలకు పోవాలనుకుంటారు. మన ఊరు చిన్నదే, అయినా నడిచేవాడికి ఇక్కడ చూడదగ్గ చేతిపని చాలా ఉంది.

రాస్ దీవితో మొదలుపెట్టండి. ఇప్పుడు నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీప్. ఒకప్పుడు తెల్లదొరల రాజధాని. 1941 జూన్ భూకంపం, ఆ వెంటనే 1942లో జపాను ఆక్రమణ, దాంతో ఆ ఊరు ముగిసిపోయింది. చర్చి గోడలను, బంగళా గోడలను మర్రిజాతి చెట్ల వేళ్లు చుట్టుకుని ఉన్నాయి. కొన్నిచోట్ల వేళ్లు తీసేస్తే గోడ నిలవదు. అక్కడ నిట్టనిలువు మధ్యాహ్నం ఎండలో తీస్తే వేళ్లూ ఇటుకలూ ఒకటే రంగుగా అతుక్కుపోతాయి. పక్కనుంచి పడే వెలుతురు కావాలి, అప్పుడే ప్రతి వేరుకూ ఒక నీడ, ఒక లోతు వస్తుంది. తొలి ఫెర్రీకి వెళ్లడమే దానికి ఉపాయం. అక్కడ తిరిగే చుక్కల దుప్పులను అందరూ ముచ్చటపడి తీస్తారు. ఆ దుప్పి ఈ దీవుల జంతువు కాదు. దొరలు తెచ్చి వదిలినది. వేటాడే జంతువు లేక పెరిగిపోయి, దీవులు దీవులు ఈది, అడవి మొలకలను మేసేసింది. ఫొటో కింద ఆ సంగతి కూడా ఒక ముక్క రాస్తే చూసినవాళ్లకు ఉపయోగం.

సెల్యులార్ జైలు గురించి కొంచెం ఎక్కువసేపు మాట్లాడాలి. 1896లో మొదలుపెట్టి 1906లో పూర్తిచేశారు. నడుమ ఒక బురుజు, దాని నుంచి ఏడు వైపులకు ఏడు మూడంతస్తుల వరసలు. ఒక వరస ముందుభాగం పక్క వరస వీపును చూస్తుంది. ఏ ఖైదీకీ ఇంకో ఖైదీ ముఖం కనిపించకూడదని అలా కట్టారు. ఇప్పుడు మూడు వరసలే మిగిలాయి. కాకినాడ బాంబు కేసులో శిక్షపడ్డ మన ప్రతివాది భయంకరాచారి ఈ జైల్లో ఉన్నారు. 1979 ఫిబ్రవరి 11న దీన్ని జాతీయ స్మారకంగా ప్రకటించారు.

కెమెరా ఉన్నవాళ్లకు ఈ కట్టడం సులువుగా దొరుకుతుంది. వరండా చివర నిలబడితే కమానులన్నీ దూరంగా ఒక్క బిందువుకు చేరతాయి. ఎవరు తీసినా బాగానే వస్తుంది, అందుకే అందరి దగ్గరా అదే ఫొటో ఉంటుంది. నేను కొత్తవాళ్లకు చెప్పేది ఇది: ఒక గదిలోకి వెళ్లి, కెమెరా మూసి, గోడకు ఆనుకుని నిలబడండి. గది నాలుగున్నర మీటర్ల పొడవు, మూడు మీటర్లయినా లేని వెడల్పు. వెలుతురు రావడానికి మూడు మీటర్ల ఎత్తున ఒక చిన్న కిటికీ. ఆ కిటికీ వెలుగు పొద్దున ఎక్కడ పడుతుంది, మధ్యాహ్నానికి ఎక్కడికి జరుగుతుంది? లోపల ఉన్నవాడికి రోజంతా కనిపించిన ప్రపంచం అదే. ఆ వెలుగుముక్కను తీయగలిగితే జైలును తీసినట్టు. ఉరికంబం గదిలో సెల్ఫీలు దిగడం నాకు ఏమాత్రం నచ్చదు, పిల్లలకు పెద్దలే చెప్పాలి.

జైలుకు ఎదురుగా పార్కులో ఇక్కడ ప్రాణాలు వదిలిన వీరుల విగ్రహాలున్నాయి. 1933 నిరాహారదీక్షలో పోయిన మహావీర్ సింగ్, మోహిత్ మైత్రా వాటిలో ఉన్నారు. విగ్రహాన్ని నేరుగా ఎదురుగా నిలబడి తీస్తే గుర్తింపుకార్డు ఫొటో అవుతుంది. చుట్టూ తిరగండి. సాయంత్రం వెనకనుంచి వెలుగు వచ్చే వేళ చేతుల ఆకారం, మెడ వంపు బయటపడతాయి. శిల్పి పనితనం అప్పుడు తెలుస్తుంది.

చాతం రంపపుమిల్లు 1883 నాటిది. రెండో ప్రపంచయుద్ధంలో బాంబులు పడ్డాయి. పడ్డచోట ఏర్పడిన గుంతను ఇప్పటికీ చూపిస్తారు. పడౌక్ దుంగ కోసినప్పుడు లోపల బయటపడే ఎర్రటి రంగును, గాల్లో లేచే రంపపుపొట్టు మీద పడే ఎండను తీయండి. ఆ కలపతో కట్టిన పాత ఇళ్లు ఊళ్లో ఇంకా కొన్ని మిగిలాయి. చెక్కగోడలు, రేకుల కప్పు, నగిషీ చెక్కిన వరండా కటకటాలు. వాటి స్థానంలో కాంక్రీటు మేడలు లేస్తున్నాయి. ఆ కటకటాల నమూనాలు ఒక్కో ఇంటికి ఒక్కోరకం. ఆంత్రొపాలజీ మ్యూజియంలో నికోబారీలు చెక్కిన కొయ్యబొమ్మలను చూసిన కళ్లతో ఈ ఇళ్లను చూస్తే, మనం రోజూ దాటిపోయే వీధిలో ఎంత వడ్రంగం ఉందో తెలుస్తుంది. కొత్తదాన్ని చూడాలంటే 2023 జులైలో తెరిచిన విమానాశ్రయం టెర్మినల్ ఉంది, గవ్వ ఆకారంలో కట్టారు. ఆ విమానాశ్రయం నౌకాదళపు విమానస్థావరం కూడా, కాబట్టి బోర్డులు చదివి, అడిగి తీయండి.

జంగ్లీఘాట్ గురించి నేను చెప్పకపోతే ఎవరు చెబుతారు? శ్రీకాకుళం జిల్లా తీరం నుంచి వచ్చిన మన మత్స్యకారుల పేట అది. 2011 జనాభా లెక్కల్లో ఈ దీవుల్లో తెలుగు మాతృభాషగా చెప్పుకున్నవాళ్లు సుమారు 13 శాతం. నూటికి పదముగ్గురం. విశాఖ నుంచి ఓడ ఎక్కి, రెండు రోజులకు పైగా నీళ్లు తప్ప మరేమీ చూడకుండా వచ్చిన కుటుంబాలు. అక్కడ తెల్లవారుజామున వేట నుంచి తిరిగొచ్చిన డోంగీ పడవల రంగులు చూడండి. నీలం మీద పసుపు చార, అంచున ఎరుపు, ముందుకొమ్ము మీద అమ్మవారి పేరో, బిడ్డ పేరో. ఆ అక్షరాలు రాసిన చెయ్యి ఏ బడిలోనూ బొమ్మలు నేర్చుకోలేదు. గుడి గోపురం మీద బొమ్మలు, సంక్రాంతి నెలలో వాకిళ్లలో ముగ్గులు. చేపలతట్టలు మోసుకుంటూ ముగ్గు తొక్కకుండా పక్కనుంచి నడిచే మనుషులు. ముగ్గు పొద్దున పుట్టి సాయంత్రానికి చెరిగిపోయే కళ, దాన్ని నిలబెట్టేది ఫొటో ఒక్కటే. వేసినావిడను అడిగి, ఆవిడ పేరుతో సహా రాసిపెట్టుకోండి. మనిషిని ఫొటో తీసేముందు "అమ్మా, తీయమంటారా" అని అడగడం, తీశాక చూపించడం, వీలైతే ఒక కాపీ ఇవ్వడం, వీటిని నేను పద్ధతిగా పాటిస్తాను. మీరూ పాటించమని కోరుతున్నాను.

ఎందుకంటే అడగకుండా తీసిన ఫొటోల చరిత్ర ఈ దీవులకు చాలా ఉంది. ఖైదీల కాలనీకి చోటు వెతకడానికి 1857 చివర్లో కలకత్తా నుంచి డాక్టర్ మౌఆట్ ఆధ్వర్యంలో ఒక కమిటీ ఓడలో వచ్చింది. వెంట ఆస్కార్ మలీట్ అనే ఫ్రెంచి ఫొటోగ్రాఫరును తెచ్చుకున్నారు. వాళ్లు ఒక అండమానీ మనిషిని పట్టుకుని కలకత్తా తీసుకెళ్లి, జాక్ అని పేరుపెట్టి, ఫొటోలు తీశారు. జబ్బుపడితే మళ్లీ తెచ్చి దీవిలో వదిలారు. 1890ల్లో పోర్ట్‌మన్ అనే అధికారి బ్రిటిష్ మ్యూజియం కోసం అండమానీలను గళ్లగళ్ల తెర ముందు నిలబెట్టి, ఎదురుగా ఒకటి, పక్కనుంచి ఒకటి ఫొటోలు తీశాడు. గళ్లు ఎందుకంటే, మనిషిని అంగుళాల్లో కొలవడానికి. సాంకేతికంగా అవి గొప్ప ఫొటోలు. ఆ ఆల్బములు లండన్‌లో భద్రంగా ఉన్నాయి. ఒకప్పుడు వేలల్లో ఉన్న గ్రేట్ అండమానీ తెగవాళ్లు మాత్రం ఈరోజు కొన్ని పదులమంది.

బారాటాంగ్ గుహలకు పోయే రోడ్డు జరావా అనే ఆదిమతెగవాళ్ల అడవిలోంచి పోతుంది. జిర్కాటాంగ్ చెక్‌పోస్టు దగ్గర వాహనాలను వరసకట్టి పంపుతారు. దారిలో ఆగకూడదు, ఫొటో తీయకూడదు. 1956 నాటి ఆదిమతెగల రక్షణ చట్టాన్ని 2012లో ఇంకా కఠినం చేశారు, ఉల్లంఘిస్తే జైలుశిక్ష ఉంది. ఆ ఏడు మొదట్లోనే, తిండి ఆశచూపి జరావా ఆడపిల్లలతో డాన్సు చేయించిన వీడియో బయటపడి ప్రపంచమంతా గగ్గోలెత్తింది. చట్టం ఉందని కాదు, జైలు భయమని కాదు. మనల్ని చూడమని వాళ్లు ఎప్పుడూ పిలవలేదు. ఆ దారిలో కెమెరా సంచిలో ఉండాలి, అంతే. "ఒక్కటే, ఎవరికీ చూపించను" అన్నా కూడా వద్దు. ఈ విషయంలో నాకు రెండో అభిప్రాయం లేదు.

ఔత్సాహికుడి ఫొటో వల్ల ఏం ప్రయోజనం అని అడిగేవాళ్లకు నేను సిప్పీఘాట్ చూపిస్తాను. 2004 డిసెంబరు 26కు ముందు అది వరిపొలాల చోటు. ఆ భూకంపానికి దక్షిణ అండమాన్ నేల సుమారు ఒక మీటరు కుంగింది, సముద్రం పొలాల్లోకి వచ్చి వెనక్కి పోలేదు. రైతుల బతుకు పోయింది. ఎండిన చెట్లు నీళ్లలో నిలబడ్డాయి. ఏళ్ల మీద అక్కడికి కొంగలు, ఉల్లంకులు, కంటి చుట్టూ తెల్లమచ్చ ఉన్న అండమాన్ టీల్ బాతులు చేరాయి. ఇప్పుడు పక్షుల ఫొటోలు తీసేవాళ్లకు మా ఊరి చుట్టుపక్కల అంతకంటే మంచి చోటు లేదు. రోడ్డు పక్కన నిలబడి, ఫోనుతో తీసినా ఫొటో వస్తుంది. అయితే ఆ నీటి అడుగున ఒకప్పటి గట్లు ఎలా ఉండేవో చూపించే ఫొటోలు చాలా తక్కువ. పొలం ఫొటో ఎవరు తీసుకుంటారని ఆనాడు ఎవరూ తీయలేదు. గ్రేట్ నికోబార్‌లో ఇందిరా పాయింట్ దగ్గర నేల నాలుగు మీటర్లకు పైగా కుంగి, దీపస్తంభం అడుగుభాగం సముద్రంలో నిలబడింది. అక్కడ ముందు ఒడ్డు ఎంత ఉండేదో తెలియాలంటే పాత ఫొటోలే దిక్కు. ఏ పెళ్లికో, పిక్నిక్‌కో వెళ్లినప్పుడు తీసుకున్నవి.

అందుకే తేదీ, చోటు రాసిన ఫొటో ఎంత మామూలుదైనా విలువైనదే. ఐనాచురలిస్ట్, ఈబర్డ్ వంటి వేదికల్లో మీరు తీసిన బల్లినీ పిట్టనూ తేదీతో, చోటుతో పెడితే పరిశోధకులు వాడుకుంటారు. ఫొటో కొంచెం మసకగా ఉన్నా వాళ్లకు పనికొస్తుంది.

సామాను గురించి త్వరగా చెప్పేస్తాను. ఖరీదైన కెమెరా అవసరం లేదు. 1900లో కొడాక్ కంపెనీ బ్రౌనీ అనే అట్టపెట్టె కెమెరాను ఒక్క డాలరుకు అమ్మింది, అప్పటినుంచే ఫొటో తీయడం మామూలు ఇళ్లలోకి వచ్చింది. ఈరోజు మీ జేబులో ఫోను దానికంటే ఎన్నోరెట్లు మెరుగు. కెమెరా ఉన్నవాళ్లకు ఇక్కడ అసలు శత్రువు తేమ. రెండు రుతుపవనాలూ మనల్ని తడుపుతాయి, ఏడాదికి సుమారు మూడు మీటర్ల వాన. లెన్సు లోపల బూజు పడితే పోగొట్టడం కష్టం. గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి దాచండి, అవి రంగు మారితే వేడిచేసి ఆరబెట్టి మళ్లీ వాడండి. ఏసీ గదిలోంచి బయటికి తెచ్చిన కెమెరాను వెంటనే సంచిలోంచి తీయకండి, అద్దం మీద నీరు పడుతుంది. సముద్రపు తుంపర పడితే ముందు తడిగుడ్డతో ఉప్పు తుడిచి, తరవాత పొడిగుడ్డ వాడండి. పొడిగుడ్డతోనే రుద్దితే ఉప్పు అద్దాన్ని గీస్తుంది.

చివరగా తెలుగు శ్రోతలకు ప్రత్యేకంగా ఒక మనవి. ఈ దీవుల్లో మన కుటుంబాలకు మూడు తరాలు దాటుతున్నాయి. తాతలు వచ్చిన ఓడ ఫొటో ఎంతమంది ఇళ్లలో ఉంది? మొదట వేసుకున్న తడిక ఇల్లు, కొన్న మొదటి పడవ, వల నేసిన నాయనమ్మ చేతులు, వీటి ఫొటోలు ఎన్ని ఉన్నాయి? దొరలు తీసిన ఆల్బముల్లో మనం లేము. టూరిస్టులు తీసే ఫొటోల్లో బీచి ఉంటుంది, మనం ఉండం. మనల్ని మనమే తీసుకోవాలి. ఈ ఆదివారం పొద్దున్నే లేవండి. పిల్లలను వెంటబెట్టుకుని మీ పేటలోనే నడవండి. పాత చెక్కయిల్లు ఏదైనా కూల్చబోతున్నారంటే ముందు దాని వరండా ఫొటో తీయండి. ఇంట్లో పెద్దవాళ్లను వాళ్లు పనిచేసేచోట కూర్చోబెట్టి తీయండి. తీసిన ప్రతిదానికీ ఎవరు, ఎక్కడ, ఏ తేదీ అన్నది రాయండి, ఒక కాపీ అచ్చువేయించి డబ్బాలో దాచండి, ఫోనులో ఉంచి మరిచిపోకండి. ఇంట్లో పాత ఫొటోలు ఉంటే వాటిలో ఉన్నవాళ్ల పేర్లు చెప్పగలిగినవాళ్లు బతికుండగానే అడిగి వెనక రాసుకోండి.